వికటకవిని పైథాన్ ఎందుకు ఒప్పుకోదు?

ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటను ఇంగ్లీషులో పాలిండ్రోమ్ అంటారు. పైథాన్ నేర్చుకునే తరగతిలో స్ట్రింగుల పాఠం దగ్గర ఈ లెక్క తప్పకుండా తగులుతుంది. మాటను తిరగేసి, మొదటి మాటతో పోల్చి, రెండూ ఒకటే అయితే 'ట్రూ' అని, కాకపోతే 'ఫాల్స్' అని చెప్పించాలి. 'మేడమ్' అనే ఇంగ్లీషు మాట ఇస్తే చక్కగా 'ట్రూ' వస్తుంది. అందరూ అక్కడితో పుస్తకం మూసేస్తారు. ఈసారి మనం మూయకుండా ఒక తెలుగు మాట ఇచ్చి చూద్దాం. తెనాలి రామకృష్ణుడికి ఉన్న బిరుదు ఉంది కదా, అదే.

మాట = "వికటకవి"
మాట == మాట[::-1]

(పైథాన్ మూడో తరంలో చలరాశులకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. కాబట్టి పై రెండు వరుసలూ ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి. చాలామందికి ఈ సంగతి తెలియదు.)

వి, క, ట, క, వి. ఎడమ నుంచి కుడికి చదివినా, కుడి నుంచి ఎడమకు చదివినా వికటకవే. ఆ బిరుదులోని చమత్కారమే అది. అయినా పైథాన్ మాత్రం 'ఫాల్స్' అంటుంది. 'జలజ' ఇవ్వండి, 'ట్రూ' అంటుంది. 'నటన', 'మడమ', 'సరస', అన్నిటికీ 'ట్రూ'. 'పులుపు' ఇవ్వండి, మళ్ళీ 'ఫాల్స్'. ప్రోగ్రాంలో అచ్చుతప్పు ఏమీ లేదు. మనం అక్షరం అనుకునేదీ, కంప్యూటర్ లెక్కపెట్టేదీ వేర్వేరు వస్తువులు. ఈ పాఠమంతా ఆ తేడా గురించే.

ముందుగా వికటకవి పొడవు అడుగుదాం. పైథాన్‌లో పొడవు చెప్పేది 'లెన్' అనే ఫంక్షన్. మనకు ఐదు అక్షరాలు కనిపిస్తున్నాయి, లెన్ మాత్రం 7 అంటుంది. ఎందుకంటే కంప్యూటర్ లోపల 'వి' అనేది ఒక వస్తువుగా ఉండదు. 'వ' ఒకటి, దాని పక్కన గుడి 'ి' ఒకటి, అలా రెండు సంకేతాలుగా ఉంటుంది. మొత్తం మాట వ, ి, క, ట, క, వ, ి అని ఏడు సంకేతాలు. దీన్ని తిరగేస్తే మొట్టమొదట గుడి వస్తుంది, దాని వెనక 'వ' వస్తుంది. ఆనుకోవడానికి హల్లు లేని గుడిని తెర మీద చుక్కల సున్నా పక్కన వేలాడదీసి చూపిస్తారు. చివర్లో ఉన్న 'క'కు ఇంకో గుడి అంటుకుని 'కి' అవుతుంది. ఇక అది వికటకవి ఎలా అవుతుంది? జలజలో గుణింతాలే లేవు, మూడూ తలకట్టు అక్షరాలు. తలకట్టుకు వేరే సంకేతం లేదు కాబట్టి అది గట్టెక్కింది.

ఒత్తులు వస్తే ఇంకా చిక్కు. కంప్యూటర్‌కు ఒత్తు అంటూ వేరే గుర్తు లేదు. 'అమ్మ' అని రాయాలంటే అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతాలు దాచుకుంటుంది. పొల్లు తరవాత హల్లు వస్తే ఆ హల్లును ఒత్తుగా మార్చి కింద గీయడం ఫాంటు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ చూసుకోవలసిన పని. అంటే మన కంటికి కనిపించే 'మ్మ' ఎక్కడా దాచి ఉండదు. చూపించిన ప్రతిసారీ అప్పటికప్పుడు తయారవుతుంది.

పక్క పక్క ఇళ్ళు

ఈ సంకేతాలకు నంబర్లు ఇచ్చింది యూనికోడ్. దాని మొదటి కూర్పు 1991లో వచ్చింది. అంతకు ముందే మన దేశంలో ఇస్కీ అనే పద్ధతి ఉంది. భారతీయ లిపులన్నీ బ్రాహ్మి నుంచి పుట్టినవే కాబట్టి క, ఖ, గ, ఘ అనే వరస అన్నిటిలోనూ ఒకటే, కనుక అన్నిటికీ ఒకే అమరిక సరిపోతుంది అన్నది ఇస్కీ ఆలోచన. యూనికోడ్ ఆ వరసనే తీసుకుని ఒక్కో లిపికి 128 గదులు ఇచ్చింది.

బదిలీల మీద ఊళ్ళు తిరిగిన మీకు ఇది మిగతా పిల్లలకన్నా బాగా అర్థమవుతుంది. పైథాన్‌లో 'ఆర్డ్' అనే ఫంక్షన్‌కు ఒక అక్షరం ఇస్తే దాని నంబరు చెబుతుంది. హిందీ 'క' నంబరు 2325. బెంగాలీ 'క' 2453. పంజాబీ 2581, గుజరాతీ 2709, ఒడియా 2837, తమిళం 2965, తెలుగు 3093, కన్నడం 3221, మలయాళం 3349. ప్రతి అడుగుకూ సరిగ్గా 128 తేడా. ఒకే నమూనాతో కట్టిన క్వార్టర్ల వరస లాంటిది ఇది. నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయి కొత్త ఊళ్ళో క్వార్టర్‌లో దిగినా వంటగది ఎటు ఉందో వెతుక్కోనక్కర్లేదు.

కాబట్టి హిందీలో రాసిన మాటలోని ప్రతి సంకేతానికీ 768 కలిపితే, అంటే ఆరు ఇళ్ళు దాటిస్తే, అది తెలుగు లిపిలోకి వచ్చేస్తుంది. ఐదారు వరుసల ప్రోగ్రాం, అంతే. తాతగారికి హిందీ లిపి రాదు, మీకు తెలుగు చదవడం ఇంకా కుదరలేదు అనుకోండి, మీరు రాసిన హిందీ అక్షరాలు ఆయనకు తెలుగులో కనిపిస్తాయి. భాష మారదు, లిపి మాత్రమే మారుతుంది.

కానీ ఇళ్ళు ఒకేలా ఉన్నా అన్నిటిలోనూ కాపురాలు లేవు. తమిళ వీధిలో ఖ, గ, ఘ గదులు ఖాళీ, ఆ లిపికి వాటి అవసరం లేదు. హిందీలో డాక్టర్ అని రాసేటప్పుడు 'డ' మీద అర్ధచంద్రుడిలాంటి గుర్తు పెడతారు. దాని నంబరు 2377. దానికి 768 కలిపితే 3145 వస్తుంది. తెలుగు వీధిలో ఆ గది ఖాళీ. ప్రోగ్రాం ఆగిపోదు కానీ తెర మీద ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది. హిందీ అక్షరాల కింద పెట్టే చుక్క, నుక్తా, నంబరు 2364. తెలుగులో దాని సరిగది 3132 ఎంతో కాలం ఖాళీగా ఉండి 2021లో వచ్చిన యూనికోడ్ 14వ కూర్పుతో నిండింది. అదే కూర్పులో నకార పొల్లుకు కూడా చోటు దొరికింది. పాత తెలుగు రాతల్లో మాట చివరి 'న్'ను ప్రత్యేకమైన రూపంతో రాసేవారు, ఆ రూపం అది. లిపి అంటే ఎప్పుడో గీసి బిగించేసినది అనుకుంటాం, ఇప్పటికీ గదులు నిండుతూనే ఉన్నాయి.

ఉచ్చారణ సంగతి వేరు. హిందీ 'కమల్'ను ఇలా మారిస్తే తెలుగులో 'కమల' అని వస్తుంది, ఎందుకంటే హిందీవారు చివర పొల్లు రాయరు, పలకడం మాత్రం పొల్లుగానే పలుకుతారు. అబ్బాయి పేరు అమ్మాయి పేరైపోతుంది! దాన్ని సరిదిద్దాలంటే నంబర్లు కలపడం చాలదు, భాష తెలియాలి.

ఫోన్లను పడేసిన జ్ఞా

ఇప్పుడు 2018 ఫిబ్రవరికి వెళ్దాం. ఆ నెలలో ప్రపంచమంతా పత్రికల్లో తెలుగు అక్షరం ఒకటి వార్తలకెక్కింది. ఐఫోన్‌లో ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే వాట్సాప్ లాంటి యాప్‌లు మూతపడేవి. మళ్ళీ తెరిస్తే ఆ సందేశాన్ని మళ్ళీ చూపించబోయి మళ్ళీ మూతపడేవి. అది నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ తెరే కూలిపోయేది. అప్పటి ఐఓఎస్ 11.2.5లోనే కాక, యాపిల్ కంప్యూటర్లలోనూ వాచీల్లోనూ ఈ లోపం ఉంది. కొందరు ఆకతాయిలు దాన్ని పనిగట్టుకుని ఇతరులకు పంపారు.

ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలో మొదటి అక్షరం. భయపడకండి, ఇక్కడ అచ్చువేసిన జ్ఞా ఎవరి ఫోన్‌నూ ఏమీ చేయదు, అప్పుడూ చేసేది కాదు. పత్రికలు చాలావరకు వదిలేసిన వివరం ఇదే. మామూలు జ్ఞాలో సంకేతాలు నాలుగు: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘం 3134. ఫోన్లను పడేసిన దానిలో ఐదు ఉన్నాయి. ఞకూ దీర్ఘానికీ మధ్య 8204 అనే కంటికి కనపడని సంకేతం దూరింది.

ఏమిటీ 8204? దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని రెంటినీ కలవనీయకపోవడం. దీని అవసరం తెలుగులో రోజూ ఉంటుంది. 'సాఫ్ట్వేర్' అని మామూలుగా రాస్తే 'ట'కు 'వ' ఒత్తు తగులుకుని నోరు తిరగని మాట తయారవుతుంది. 'సాఫ్ట్‌వేర్' అని విడిగా కనిపించాలంటే 'ట్' తరవాత ఈ 8204 ఉండాలి. ఈ వ్యాసంలో ఎన్నిచోట్ల అది దాగి ఉందో మీ కంటికి కనపడదు, లెన్‌కు మాత్రం తెలుసు. అది సాధారణంగా పొల్లు తరవాత ఉంటుంది. పొల్లు లేనిచోట, హల్లుకూ గుణింతపు గుర్తుకూ మధ్య ఉండడం అరుదు. అక్షరాలను గీసే పని చూసే కోర్‌టెక్స్ట్ అనే యాపిల్ భాగం ఆ అరుదైన వరసకు సిద్ధంగా లేదు. అక్షరాన్ని కూర్చబోయి, తనది కాని చోట మెమరీని చెరిపేసేది. మెమరీ చెడితే యాప్ కూలుతుంది. హిందీ, బెంగాలీ లిపుల్లో కూడా ఇలాంటి వరసలు కొన్ని అదే పని చేశాయని ప్రోగ్రామర్లు పరీక్షించి చూపారు. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. లోపలికి వచ్చే స్ట్రింగును ఇంకా జాగ్రత్తగా తనిఖీ చేసేలా మార్చామని చెప్పింది.

'ఫోన్లను పాడుచేసే తెలుగు అక్షరం' అన్న మాట మాకు నచ్చలేదు. అక్షరం ఏం చేసింది? చెరువుకు గండి పడితే వానను తప్పుపడతామా? తొమ్మిది కోట్లా పది కోట్లా అని జనాభా లెక్కలు చెప్పుకునే భాష ఇది. దాన్ని గీసే ప్రోగ్రాంను రాసినవారు అన్ని వరసలనూ పరీక్షించలేదు, అంతే జరిగింది. అన్నట్టు ఈ అక్షరాన్ని హిందీవారు 'గ్య' అనీ, మరాఠీవారు 'ద్న్య' అనీ, మనలో చాలామంది 'గ్న' అనీ పలుకుతారు. రాసే వరసలో మాత్రం అందరికీ జ, పొల్లు, ఞ లే.

పేరు తెగిపోతే

ఫోన్ కూలడం వార్త అయింది కానీ, వార్త కాని నష్టం ఇంకొకటి ఉంది. ఏదో ఒక ఆన్‌లైన్ ఫారంలో పేరుకు 30 బైట్ల చోటు ఇచ్చారనుకోండి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, 30 అక్షరాల పేరు పడుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. అంటే అందులో పది సంకేతాలే పడతాయి. 'శ్రీలక్ష్మి' అన్న పేరు చూడండి: శ్రీ, ల, క్ష్మి, మనకు మూడే అక్షరాలు. సంకేతాలు మాత్రం శ, పొల్లు, ర, ీ, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ి, మొత్తం 11. బైట్లు 33. పదకొండోది తెగిపోయి రికార్డులో 'శ్రీలక్ష్మ' అని మిగులుతుంది. మూడక్షరాల పేరు ముప్పై బైట్లలో పట్టలేదంటే ఎవరు నమ్ముతారు? రెండేళ్ళకో మూడేళ్ళకో ఒక బడి నుంచి ఇంకో బడికి టీసీ పట్టుకుని వెళ్ళేవారికి, ఒక కాగితంలో శ్రీలక్ష్మి, ఇంకో కాగితంలో శ్రీలక్ష్మ ఉంటే ఎంత తిరుగుడో మేము వేరే చెప్పనక్కర్లేదు.

ఎస్సెమ్మెస్‌లోనూ ఇదే లెక్క. ఒక సందేశానికి చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాన్ని ఏడు బిట్లలో కుదించి 160 పట్టిస్తారు. తెలుగుకు ఒక్కో సంకేతానికి రెండు బైట్లు, కాబట్టి 70 సంకేతాలే. అంటే ఓ ముప్పై అక్షరాలు దాటగానే రెండో సందేశం లెక్కలోకి వస్తుంది.

మనమే విడదీద్దాం

మరి అక్షరాలను సరిగా విడదీయడం ఎలా? నియమం చిన్నదే. స్ట్రింగును ఎడమ నుంచి ఒక్కో సంకేతంగా చదవండి. వచ్చినది గుణింతపు గుర్తో, పొల్లో, సున్నానో, విసర్గో, 8204నో అయితే ముందున్న అక్షరానికి అంటించండి. వచ్చినది హల్లై, దానికి సరిగ్గా ముందున్న సంకేతం పొల్లు అయితే అప్పుడూ అంటించండి, అది ఒత్తు. ఈ రెండూ కాకపోతే కొత్త అక్షరం మొదలుపెట్టండి. 'శ్రీలక్ష్మి'కి ఇది శ్రీ, ల, క్ష్మి అని మూడు ముక్కలిస్తుంది. 'సాఫ్ట్‌వేర్'లో 'వ'కు ముందున్నది పొల్లు కాదు, 8204. కాబట్టి 'వే' కొత్త అక్షరంగా మొదలవుతుంది. మనకు కావలసిందీ అదే. ఇలా వచ్చిన అక్షరాల జాబితాను తిరగేసి పోల్చితే వికటకవికి 'ట్రూ' వస్తుంది, పులుపుకు కూడా.

ఇక్కడ తెలుగు మాస్టారు ఒక పేచీ పెడతారు, న్యాయమైనదే. 'రామన్' అన్న మాటకు మన ప్రోగ్రాం రా, మ, న్ అని మూడు ముక్కలిస్తుంది. ఛందస్సులో గణ విభజన చేసేటప్పుడు చివరి పొల్లును ముందు అక్షరంతో కలిపి రా, మన్ అని రెండే లెక్కపెడతాం, 'మన్' గురువు అవుతుంది. ఏది సరి? పనిని బట్టి ఉంటుంది. టైపు చేస్తూ వెనక్కి చెరిపేటప్పుడు 'న్' విడిగా పోవాలి. పద్యానికి లఘువులూ గురువులూ గుర్తించే ప్రోగ్రాం రాస్తే నియమంలో ఇంకో వరుస చేర్చాలి. ఈ రెండో ప్రోగ్రాం తొమ్మిది, పది తరగతుల వారికి మంచి ప్రాజెక్టు. తెలుగు మార్కులూ కంప్యూటర్ మార్కులూ ఒకే పనిలో వస్తాయి.

పెద్ద సంస్థల నియమాలు కూడా ఈమధ్యనే సర్దుకుంటున్నాయి. 2023 సెప్టెంబరు దాకా యూనికోడ్ వారి అక్షర విభజన నియమం 'జ్ఞా'ను జ్, ఞా అని రెండుగా విడదీసేది. ఆ నెలలో వచ్చిన 15.1 కూర్పు తెలుగు, హిందీ, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకటిగానే ఉంచాలని మార్చింది. వెబ్ పేజీలు రాసే జావాస్క్రిప్ట్‌లో అక్షరాలను విడదీసే 'సెగ్మెంటర్' అనే పరికరం ఉంది. క్రోమ్, సఫారీల్లో ముందే ఉంది, 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్‌లోకీ వచ్చింది. పాత ఫోన్‌లో, కొత్త ఫోన్‌లో ఒకే మాటకు వేర్వేరు లెక్కలు వస్తే ఆశ్చర్యపోకండి, ఏ కూర్పు నియమం అందులో ఉందో చూడండి. యాపిల్ వారి స్విఫ్ట్ భాష పొడవు అడిగితే సంకేతాలను కాక అక్షరాలనే లెక్కపెడుతుంది. పైథాన్‌లో 'రెజెక్స్' అనే అదనపు ప్యాకేజీ తెచ్చుకుంటే ఆ పని చేస్తుంది. అయినా ముందు మీ సొంత నియమం రాసుకున్నాకే దాన్ని తెచ్చుకోండి.

చదవడానికి మేము ముందుగా చెప్పేది యూనికోడ్ వారి తెలుగు పట్టిక. ఉచితంగా దొరుకుతుంది, కొన్ని పేజీలే. అచ్చు తీసి మీ బల్ల దగ్గర అంటించుకోండి. పైథాన్ అసలు డాక్యుమెంట్లలో యూనికోడ్ గురించి ఒక 'హౌటు' ఉంది, పదకొండు, పన్నెండు తరగతుల వారు చదవగలరు, చిన్నవారు ఇప్పుడే పట్టుకోవద్దు. తెలుగు వింటూ నేర్చుకోవాలనుకుంటే ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ ఉన్నాయి. చిన్న చిన్న పాఠాలు, ఒక్కో ఆదేశం వినగానే ఆపి టైపు చేయడానికి వీలుగా ఉంటాయి. ఆపకుండా చూస్తే మాత్రం సినిమా చూసినట్టే. టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చుకోండి. అందులో హిందీ 'క' ఏ మీట మీద ఉందో తెలుగు 'క', ఒడియా 'క' కూడా అదే మీట మీద ఉంటాయి. ఊరు మారినా వేళ్ళకు కొత్త పాఠం ఉండదు. ఫాంటులు గూగుల్ వారి దగ్గర ఉచితంగా ఉన్నాయి, వాటిలో తెనాలి రామకృష్ణ పేరుతో కూడా ఒకటి ఉంది. వికటకవిని ఆయన అక్షరాల్లోనే రాయవచ్చు.

చాట్‌బాట్‌ను అడిగితే పాలిండ్రోమ్ ప్రోగ్రాం క్షణంలో రాసిస్తుంది. అడగండి, తప్పులేదు. కానీ అది ఇచ్చినదానికి మేడమ్‌ను కాక, పులుపును ఇచ్చి చూడండి. 'ఫాల్స్' అంటే ఎందుకో దానికే వివరించమనండి, ఆ వివరణ సరిగా ఉందో లేదో ఇప్పుడు మీరు చెప్పగలరు.

చేసి చూడండి: మీ పేరునూ అమ్మానాన్నల పేర్లనూ తెలుగులో రాసి, ఒక్కోదానికి ఎన్ని అక్షరాలు, ఎన్ని సంకేతాలు, ఎన్ని బైట్లు ఉన్నాయో ముందు కాగితం మీద లెక్కవేయండి, తరవాత ప్రోగ్రాంతో సరిచూసుకోండి. 30 బైట్ల ఫారంలో ఎవరి పేరు ఎక్కడ తెగుతుందో రాయండి. మీ పేరును హిందీలో రాసి 768 కలిపి, ఏ అక్షరం దగ్గరైనా డబ్బా వస్తుందేమో చూడండి. వికటకవి, పులుపుల్లాగా మనిషికి 'ట్రూ', లెన్ లెక్కకు 'ఫాల్స్' అయ్యే మాటలు ఇంకో మూడు వెతకండి. ఒకటి మేమే ఇస్తున్నాం: కులుకు. అక్షరాలు 3, సంకేతాలు 6, బైట్లు 18. సాఫ్ట్‌వేర్‌కు అక్షరాలు 4, సంకేతాలు 11, బైట్లు 33 రావాలి. సంకేతాలు 10 వస్తే 8204 టైపు చేయడం మరిచిపోయారన్నమాట.